గోడ మీది వల

నాకు పగ పట్టడం బాగా వచ్చు. ఈ మాట గొప్పకి చెప్పడం లేదు, అలాగని సిగ్గుపడీ చెప్పడం లేదు. కొందరికి వంట వస్తుంది, కొందరికి పాట వస్తుంది, నాకు ఇది వచ్చింది. మూడో తరగతిలో నా రంగు పెన్సిళ్ళ డబ్బా దాచేసిన అమ్మాయి ఆ మధ్య సిటీ బస్సులో కనబడి, నవ్వి, పక్క సీటు చూపించింది. నేను పూర్ణా మార్కెట్ దాకా నిలబడే వెళ్ళాను. పెన్సిళ్ళకే ఇంత చేసినదాన్ని, మా నాన్న ఊపిరినీ నా బొమ్మనీ ఒకేసారి ఎత్తుకుపోయిన మనిషిని ఊరికే వదులుతానా?

మా నాన్న ఫిషింగ్ హార్బర్‌లో వలలు బాగుచేస్తాడు. ఏళ్ళ తరబడి చేపల వేటకి వెళ్ళినవాడు, మోకాళ్ళు మొరాయించాక ఒడ్డున కూర్చున్నాడు. ఐసు ఫ్యాక్టరీ వెనక రేకుల నీడలో, బోర్లించిన చేపల ట్రే మీద ఆయన చోటు. తెల్లారకముందే అక్కడ ఉంటాడు. పక్కనే వేలం పాట అరుపులు, ఆటోలు, ఐసు దంచే చప్పుడు. ఆయన తల ఎత్తడు. నేనొక ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ టీచర్ని. పెళ్ళి చేసుకోలేదు, ఆ కథకీ దీనికీ సంబంధం లేదు. హార్బర్‌కి నడిచి వెళ్ళేంత దూరంలో రెండు గదుల ఇంట్లో ఇద్దరం ఉంటాం. పోర్టు బొగ్గు దుమ్ము మా కిటికీ గట్టు మీద ఎప్పుడూ ఉంటుంది. తెల్ల కాగితం పరిచి, లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తాగి వస్తే, ఆ కాగితం మీద వేలితో సంతకం పెట్టొచ్చు.

మాకు వసంతం గాలి మారడంతో వస్తుంది. దక్షిణపు గాలి మొదలవుతుంది. యారాడ కొండ వైపు నుంచి జీడిమామిడి పళ్ళు బుట్టల్లో దిగుతాయి. వేపపూత రాలి రేకుల మీద పడుతుంది. ఏప్రిల్ మధ్యలో వేట నిషేధం మొదలైతే రెండు నెలలు బోట్లు కదలవు. బోట్లకి రంగులు, వలలకి ముడులు అప్పుడే. ఏడాదంతా సముద్రం మీద పరుగులు పెట్టినవాళ్ళు ఆ రోజుల్లో చతికిలబడి కూర్చుని, చేతిలో ఉన్న పనిని చూసుకుంటారు. చిన్నప్పటి నుంచీ నాకు ఆ రోజులంటే ప్రాణం. నా మొదటి బొమ్మ, ఎవరి బోటుకో వెయ్యగా మిగిలిన నీలం రంగుతో మా వీధి గోడ మీద వేసిందే.

వల బాగుచెయ్యడం చూసినవాళ్ళకి తేలిగ్గా కనిపిస్తుంది. కన్నం ఉంది, దారం ఉంది, కుట్టెయ్యడమే అనుకుంటారు. అలా కాదు. ముందు చిరుగు చుట్టూ తెగి వేలాడే పోగులన్నీ కత్తితో కోసి శుభ్రం చెయ్యాలి, అంటే కన్నాన్ని ఇంకాస్త పెద్దది చెయ్యాలి. అన్ని ముడులకీ రెండేసి పోగులు మిగల్చాలి. పైన ఒక్క ముడికి మాత్రం మూడు పోగులు ఉంచాలి. సూది అక్కడి నుంచే మొదలవ్వాలి, కిందకి దిగాలి. మూడు పోగుల ముడి వదిలేసి వేరేచోట మొదలెట్టినవాడికి చివరికి ఒక దారం మిగిలిపోతుంది. దాన్ని ఎక్కడ కట్టాలో తెలీదు, ఎక్కడ కట్టినా వల ముడుచుకుపోతుంది. ఇది హార్బర్‌లో నేర్చుకునే మొదటి పాఠం. నాకు ఎనిమిదేళ్ళప్పుడు నాన్న నేర్పాడు.

రెండో పాఠం ఊపిరి. నేను నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి ముడి వేస్తుంటే నాన్న సూది లాక్కునేవాడు.

"ముడి బిగించినప్పుడు ఊపిరొగ్గేయాల. బిగబట్టేవనుకో, సెయ్యి కూడా బిగిసిపోద్ది, వల కన్ను సిన్నదైపోద్ది. ఒక ముడి, ఒక ఊపిరి. రేపటి ముడి గురించి నీకెందుకు?"

కోపంలో ఉన్నవాడు కట్టిన వల ఏదో ఆయన చేత్తో తడిమి చెప్పేస్తాడు. నేను కట్టినవి చాలాసార్లు పట్టుబడ్డాయి. తర్వాత సూది వదిలేసి పెన్సిల్ పట్టుకున్నాను గానీ, గీత గీసేటప్పుడు ఊపిరి వదలడం మాత్రం పోలేదు.

ఇక ఆ మనిషి సంగతి. నాతోపాటు డ్రాయింగ్ కోర్సు చదివాడు. ఊళ్ళో అందరూ మాస్టారు అంటారు కాబట్టి నేనూ అలాగే అంటాను, కాకపోతే పళ్ళు నూరుతూ అంటాను. ఐదేళ్ళ కిందట ఒక వసంతంలో, లాల్చీ వేసుకుని, భుజాన గుడ్డసంచీతో హార్బర్‌కి వచ్చాడు. మా నాన్న పని చూడాలన్నాడు. నేనే తీసుకెళ్ళాను, నేనే పరిచయం చేశాను. పది రోజులు పొద్దున్నే వచ్చి ఆయన పక్కన కూర్చున్నాడు. హార్బర్‌లో అందరూ చూశారు. నాన్న ఆయనకి టీ తెప్పించాడు, ఊపిరి సంగతి చెప్పాడు, మూడు పోగుల ముడి చూపించాడు. ముడి సంగతి మాస్టారి బుర్రకి ఎక్కలేదు. ఊపిరి మాత్రం పట్టుకెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ నా స్కెచ్ పుస్తకం అడిగి తీసుకున్నాడు. అందులో అన్నీ నాన్న చేతులే.

పుస్తకం నెలకి తిరిగొచ్చింది. దాంతోపాటే ఆయన పెట్టబోయే క్లాసుల గురించి ఒక రంగుల కార్డు వచ్చింది. వసంతంలో ధ్యానమూ సృజనా అని పెద్దక్షరాలు. ఒక ఊపిరి, ఒక గీత అని కింద ఇంకో వాక్యం. మధ్యలో నేను గీసిన నాన్న చేతులు, వాటి మూలన మాస్టారి సంతకం. పేపర్లో ఆయన ఇంటర్వ్యూ కూడా వచ్చింది. ఈ పద్ధతి యారాడ తీరంలో ఒంటరిగా కూర్చుని అలల్ని చూస్తుండగా ఆయనకి తట్టిందట.

ఆ కార్డు తీసుకుని బయల్దేరాను. వెళ్ళి అడిగాను. ఆయన చెయ్యి గుండె మీద పెట్టుకుని చిరునవ్వు నవ్వాడు.

"బొమ్మ ఎవరిదన్నది ముఖ్యం కాదండీ. అది ఎవరి గుండెలోకి వెళ్ళిందన్నదే ముఖ్యం."

దొరికిపోయిన దొంగ వేదాంతం చెప్పాడు. ఇంటికొచ్చి పేపర్లో ముక్క నాన్నకి చదివి వినిపించాను. నాన్నకి చదువు రాదు. ఆయన విని, ఆడికి పనికొచ్చింది కదా పోనీ, ఊపిరేటి నాదా అన్నాడు. ఆయన అలా అనడంతో ఆయన వాటా కోపం కూడా నామీదే పడింది.

ఆ మరుసటి ఏడు నేను మాస్టారి క్లాసుకి వెళ్ళాను, ఎవరికీ చెప్పకుండా. శత్రువు ఇల్లు చూసి రావాలి కదా. యారాడలో సరుగుడు చెట్ల కింద చాపలు పరిచారు. పాతికమంది దాకా ఉన్నారు, ఎక్కువమంది ఉద్యోగాల వాళ్ళు, మెడలో ఇంకా ఐడీ కార్డు తియ్యనివాళ్ళు కూడా ఉన్నారు. గాలి కమ్మగా వీస్తోంది. మాస్టారు కళ్ళు మూసుకుని, ఇప్పుడు ఈ క్షణంలో ఉండండి, గీత గీస్తూ ఊపిరి వదలండి, రేపటి గీత గురించి మీకెందుకు అన్నాడు. మా నాన్న మాటలు, యాస తీసేసి. నేను చివర చాప మీద కూర్చుని కాగితం మీద వల కళ్ళు, ముడుల మధ్య ఉండే ఆ గళ్ళు, గీశాను. తప్పు పట్టడానికే వచ్చినదాన్ని, పావుగంట గడిచాక చూసుకుంటే నా భుజాలు దిగాయి, దవడ వదులైంది, దూరంగా ఎక్కడో కోయిల కూస్తున్నది వినబడింది. సంతోషంగా ఉన్నాను. నా ఇంటి నుంచి దొంగిలించిన వస్తువు నాకే పెట్టి తినిపిస్తే రుచిగా ఉందన్నమాట. ఆ సంతోషం ఇచ్చినందుకు నేను ఆయన్ని ఇప్పటికీ క్షమించలేదు.

రెండేళ్ళ కిందట, ఉగాదికి ముందు, నాకు అవకాశం వచ్చింది. హార్బర్ గేటు పక్క పొడవాటి గోడ మీద బొమ్మలు వేసే పని మాస్టారికి దొరికింది. ఉగాది రోజు పొద్దున దానికి ప్రారంభం. ఆయన నాకు ఫోన్ చేశాడు. గొంతులో బెల్లం.

"మీ నాన్నగారు వల కట్టడం మీరు గీసినట్టు ఇంకెవరూ గీయలేరండీ. ఒక్క బొమ్మ గీసివ్వండి, గోడ మీదకి నేను ఎక్కించుకుంటాను."

ఎక్కించుకుంటాడట. నోటి దాకా వచ్చిన తిట్టు మింగి, అలాగేనండీ అన్నాను. ఫోన్ పెట్టేసరికి నా బుర్రలో మొత్తం సిద్ధమైపోయింది. ఆయనకి మూడు పోగుల ముడి బుర్రకి ఎక్కలేదని చెప్పాను కదా. నేను కింద నుంచి మొదలెట్టిన వల గీస్తాను. పైన మూడు పోగుల ముడి ఉండదు. సూది అడుగున ఉంటుంది, మిగిలిపోయిన దారం ఒకటి గాలిలో వేలాడుతుంది. ఆయనకి తెలీదు, పట్నం వాళ్ళకి తెలీదు. కానీ ఆ గేటులోంచి రోజూ పోయే ప్రతివాడికీ తెలుస్తుంది. ఒక్కో కన్ను అరచెయ్యంత పెద్దదిగా గోడ మీద కనబడుతుంది. హార్బర్ అంతా ఆయన్ని చూసి నవ్వుతుంది. ధ్యానం మాస్టారు వల ఎలా కడతారో చూడండి అంటుంది.

ఆ బొమ్మ వారం రోజులు గీశాను. నా జన్మలో అంత శ్రద్ధగా ఏదీ గీయలేదు. సాయంత్రం స్కూలు నుంచి వచ్చి, కిటికీ దగ్గర కూర్చుని, దుమ్ము ఊదుకుంటూ, ఒక గీతకి ఒక ఊపిరి వదులుతూ గీశాను. సృజన అంటారే, అది పొంగుకొచ్చింది. మనసు ఒక్కచోట నిలవడం అంటారే, అదీ నిలిచింది. మంచి మనసుతోనే ఇవన్నీ కుదురుతాయని చెప్పేవాళ్ళకి పగ సంగతి తెలియదు. మా నాన్నకి మచ్చ రాకూడదని ముఖం మాత్రం మార్చేశాను. గడ్డం పెట్టాను, ముక్కు పొడుగు చేశాను, తలకి తువ్వాలు చుట్టాను. ఎవరో ఊరూపేరూ లేని ముసలాయన తయారయ్యాడు. నాన్నకి చూపించలేదు. మాస్టారు బొమ్మ అందుకుని కళ్ళకద్దుకున్నాడు, నేను నేల చూపులు చూస్తూ నిలబడ్డాను.

ఉగాది రోజు వేపపూత పచ్చడి నోట్లో వేసుకుని, కొత్త చీర కట్టుకుని, నవ్వు చూడ్డానికి వెళ్ళాను. గోడ ముందు కుర్చీలు, మైకు, బంతిపూల దండలు. తెర తియ్యగానే చప్పట్లు కొట్టారు. బొమ్మ బాగుంది, నిజం చెప్పాలి. ముందు వరసల్లోవాళ్ళు ఫోన్లు ఎత్తి ఫొటోలు తీసుకున్నారు. నేను వెనక నిలబడ్డ మావాళ్ళ వైపు చూస్తున్నాను. బోటు మీంచి దిగి వచ్చిన ఒకాయన పక్కవాడి భుజం తట్టాడు.

"ఇదేటి బావా, ఈ ముసలోడు కింద నుంచి ఎత్తేడు?"

"పైన మూడు పోగుల ముడే నేదు. ఈ వల్లో సేప ఆగుద్దేటి, బోటే దూరి ఎలిపోద్ది."

నవ్వులు మొదలయ్యాయి. ఒకరి నుంచి ఒకరికి పాకాయి. బుట్టలు దించుకుని కూర్చున్న ఆడవాళ్ళు కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. నా ఒంట్లో చల్లగా హాయిగా ఉంది. మూడేళ్ళ మంట మీద నీళ్ళు పోసినట్టయింది. ఆ హాయి ఎంతసేపు ఉందో నేను లెక్కపెట్టుకోలేదు, కానీ ఎక్కువసేపు లేదు.

చేపలమ్మే ఒకావిడ, మా వీధి చివర ఉండేదే, గోడకి దగ్గరగా వెళ్ళి కిందకి వంగింది.

"ఓలమ్మ, ఆ కాలు సూడండి. రెండో ఏలికి తగిలించుకున్నాడు వల. ఇది మన మావ కాదేటి?"

అందరూ వల చివర కాలి బొటనవేలికి తగిలించుకుని, లాగిపట్టి ముడి వేస్తారు. మా నాన్న ఎడమకాలి బొటనవేలు ఏనాడో బోటు మీద తాడు కింద నలిగి సగం పోయింది. అందుకని ఆయన రెండో వేలికి తగిలిస్తాడు. హార్బర్ మొత్తం మీద అలా తగిలించేవాడు ఆయన ఒక్కడే. ముఖం మార్చిన నేను కాలు మార్చలేదు. మర్చిపోయానని కూడా కాదు. చిన్నప్పటి నుంచి ఎన్ని వందలసార్లు గీశానో, వల కట్టే మనిషి కాలంటే నా చేతికి అదే కాలు. వేరే కాలు ఉంటుందని నాకు తట్టలేదు. మావాళ్ళు మనిషిని ముఖం చూసి గుర్తుపట్టరు. దూరంగా సముద్రం మీద ఉన్నవాణ్ణి నిలబడే తీరు చూసి చెబుతారు. ఇది తెలిసి తెలిసి నేను గడ్డం పెట్టి దాచాలనుకున్నాను.

నవ్వు ఆగిపోయింది, గుసగుసలు మొదలయ్యాయి. మాస్టారు పది రోజులు ఈయన పక్కన కూర్చుని చూసి గీశాడు కదా, చూసిందే గీసి ఉంటాడు అన్నారు. ముసలాయనకి చూపు ఆనడం లేదేమో అన్నారు. పోయిన నెల కట్టించుకున్న వల ఎందుకు ముడుచుకుందో ఇప్పుడు తెలిసింది అని ఒకడు అన్నాడు. వాడి వల ముడుచుకోలేదు, అది నాకు తెలుసు. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటారు. నేను తీసిన గోతిలో మా నాన్న పడ్డాడు.

మాస్టారికి ఏమైంది అంటే, ఏమీ కాలేదు. వేలాడే ఆ దారం గురించి ఎవరో విలేకరి అడిగితే, అది మనిషి జీవితంలోని అసంపూర్ణత అని చెప్పాడు. పేపర్లో ఆ మాట బొమ్మ పక్కన వేశారు. జనం ఆ దారం కింద నిలబడి ఫొటోలు దిగడం మొదలెట్టారు. నేను ఆయన కాళ్ళకింద తవ్విన చోట ఆయన మెట్లు కట్టుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే నాన్న గోడ దగ్గరికి వెళ్ళి చూసి వచ్చాడు. భోజనం పెట్టాను, తిన్నాడు. చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుంటూ అన్నాడు.

"తెలీనోడైతే పది తప్పులు సేత్తాడు. అందులో ఒకటే ఉంది."

నేను గిన్నెలు సర్దడం మొదలెట్టాను.

"దారం దళసరి సరిగ్గా ఉంది. కన్నులన్నీ ఒకే కొలత. సూది పట్టు నాదే. అంత తెలిసినోలు పైముడి మర్సిపోతారేటి? ఏటి సేసినావే గుంటా."

ఏం చేశానో, ఎందుకు చేశానో మొత్తం చెప్పేశాను. నీకోసమే చేశాను నాన్నా అని కూడా అన్నాను. ఆ మాట నా చెవికే అబద్ధంలా వినిపించింది. ఆయన తన ఊపిరి పోయిందని ఎన్నడూ ఏడవలేదు, ఏడ్చింది నేను. ఎల్లి దిద్దు అన్నాడాయన, అంతే. కూతురే కావాలని గీసిందని హార్బర్‌లో ఒక్కమాట చెబితే ఆయన మీద పడ్డ మచ్చ పోతుంది. ఆ మాట ఆయన ఎవరికీ చెప్పలేదు.

నేను వెంటనే వెళ్ళలేదు. రెండు వారాలు వెళ్ళలేదు. ఎందుకంటే దిద్దడమంటే శత్రువు గోడకి నా చేతులతో మెరుగు పెట్టడం. ఉన్న ఒక్క తప్పూ తీసేస్తే అది ఈ తీరంలోకెల్లా చక్కటి బొమ్మ అవుతుంది, ఆయన సంతకం కింద. ఆ సంగతి తలుచుకుంటే నాకు అన్నం సయించేది కాదు. పొద్దున లేచి రంగుల డబ్బాలు సంచిలో సర్దేదాన్ని, మళ్ళీ తీసి గూట్లో పెట్టేదాన్ని. నాన్న చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. ఇంట్లో ఇద్దరమే మనుషులం, ఆ ఇద్దరికీ మాటల్లేవు.

వేట నిషేధం మొదలైంది. బోట్లన్నీ వరసగా ఆగాయి, వలలు ఒడ్డుకొచ్చాయి. ఏటా ఆ రోజుకి నాన్న చుట్టూ గుట్టలు పడేవి, నా వల ముందంటే నా వల ముందని పోట్లాడుకునేవాళ్ళు. ఆ ఆదివారం నేను క్యారేజీ తీసుకుని వెళ్ళేసరికి అవతల షెడ్డులో మిగతావాళ్ళ ఒడులు వలలతో నిండి ఉన్నాయి. నాన్న ఒడిలో మాత్రం ఒక పాత ముక్క ఉంది. దాన్ని తనే కత్తితో కోసి కన్నం చేసుకుని, తనే కడుతున్నాడు. కట్టిన తర్వాత మళ్ళీ కోశాడు. నన్ను చూసి, సేతులు ఊరుకోవు కదా అన్నాడు. క్యారేజీ అక్కడ పెట్టి ఇంటికి పరుగులాంటి నడకతో వచ్చి, రంగులు తీసుకుని గోడ దగ్గరికి వెళ్ళాను.

వాచ్‌మన్ నన్ను మాస్టారి మనిషిననుకుని నిచ్చెన కూడా ఇచ్చాడు. మొదట వేలాడే దారాన్ని చెరిపేశాను. తర్వాత అడుగున ఉన్న సూదిని చెరిపేశాను. నేను కసితో కట్టిన కళ్ళన్నీ ఒక్కొక్కటే తెల్లరంగు కింద పూడ్చాను. పైకెక్కి, మూడు పోగుల ముడి వెయ్యడానికి కుంచె ఎత్తితే గీత వంకరపోయింది. తుడిచి మళ్ళీ వేశాను, మళ్ళీ వంకర. కింద నుంచి దగ్గు వినిపించింది. నాన్న తన ట్రే పట్టుకుని వచ్చి గోడకి ఎదురుగా వేసుకుని కూర్చున్నాడు.

"ఊపిరొగ్గు."

వదిలాను. గీత తిన్నగా వచ్చింది.

మూడు పొద్దులు పట్టింది. ఆయన కింద కూర్చుని గట్టిగా చెబుతుంటే నేను పైన వేశాను. ఎడమ పక్క ముడి రెండు పోగులే ఉండాల అనేవాడు. ఇప్పుడు కిందకి దిగు, తొందరేటి, ఇంకా పొద్దుంది కదా అనేవాడు. పని లేని రోజులు కాబట్టి మొదటి రోజే జనం పోగయ్యారు. రెండో రోజుకి పెద్దవాళ్ళు కూడా చేతులు కట్టుకుని వింటున్నారు. చూపు ఆనని మనిషి అంత దూరం నుంచి ముడికి ఎన్ని పోగులో చెబుతుంటే ఇంకెవరు ఏం అంటారు? మూడో రోజు, ముడుచుకుందన్న ఆ వల యజమానే దాన్ని భుజాన వేసుకొచ్చి నాన్న కాళ్ళ దగ్గర దించాడు. నాన్న వాడినేమీ అనలేదు. నేనైతే అనేదాన్ని.

ఆ మూడు రోజులూ నేను విన్న పొగడ్తలు శత్రువుకి కూడా వద్దు. కూతురంటే ఇలగుండాలన్నారు. ఎవడో తెలివితక్కువోడు తప్పు గీసి ముసలాయన పరువు తీస్తే, కూతురు నిచ్చెనెక్కి నిలబెట్టిందన్నారు. చేపలావిడ నా నుదురు తడిమి మెటికలు విరిచింది. నేను వాళ్ళ వైపు తిరగకుండా గోడ వైపే చూస్తూ కళ్ళు గీసుకున్నాను. ఒక ముడి, ఒక ఊపిరి. ఆ సిగ్గులో కూడా ఒక్కోసారి మనసు నిమ్మళించేది, గాలి తెలిసేది, కాకుల అరుపు తెలిసేది. మళ్ళీ ఎవరో ఒకరు మెచ్చుకునేవారు.

ఆఖరి కన్ను మూసుకుంది. దారం మిగల్లేదు. నిచ్చెన దిగేసరికి కుడిమూల ఆయన సంతకం నా మోకాలి ఎత్తున ఉంది. నల్లరంగు, పెద్దక్షరాలు, కింద ఒక వంపు గీత. నా కుంచెలో ఇంకా తెలుపు ఉంది. జనం వెళ్ళిపోయారు, నాన్న ఒక్కడే ఉన్నాడు. ఇంతకాలం నేను ఎదురుచూసింది ఒక్క చేతి విసురు దూరంలో ఉంది. నేను వంగాను.

"అది ఆడి పేరేనా?" అన్నాడు నాన్న.

అవునన్నాను.

"ఉండనీ. తప్పు ఆడిదే అనుకోనీ అందరూ. ఆ పేరు నేకపోతే ఎవులేసేరని అడుగుతారు. నువ్వని తెలిస్తే నాను ఈ రేవులో తలెత్తి కూకోలేను."

నాన్న నా మీద చెయ్యి చేసుకున్న రోజులున్నాయి, అప్పుడు ఇంత దెబ్బ తగల్లేదు. కుంచె నీళ్ళలో పెట్టి కడిగాను. చాలాసేపు కడిగాను.

మాస్టారు తర్వాతెప్పుడో వచ్చి చూశాడట. దారం మాయమైన సంగతి ఎవరో అడిగితే, వసంతం సంపూర్ణత వైపు నడిపిస్తుందన్నాడట. ఆయన క్లాసులు ఇప్పటికీ జరుగుతున్నాయి, పాతికమంది యాభై అయ్యారని విన్నాను. నాన్న ఒడి నిండా వలలున్నాయి. మేమిద్దరం మళ్ళీ మాట్లాడుకుంటున్నాం. నా పగ తగ్గిందా అంటే తగ్గలేదు. ఆయన ఫొటో కనబడిన పేపరు మీదే ఇప్పటికీ చేపలు కోస్తాను.

కానీ హార్బర్ గాలిలో ఉప్పు ఉంటుంది, గోడ మీద ఏ రంగూ ఎంతోకాలం నిలవదు. ఈ వసంతంలో వెళ్ళి చూస్తే వల బాగానే ఉంది, ఆయన పేరులో మాత్రం రెండక్షరాలు పెచ్చులూడి పోయాయి. పోయినేడు ఒకటే పోయింది. నేను చుట్టూ చూసి, నేల మీద కూర్చుని, నల్లరంగు డబ్బా మూత తీశాను. ఊపిరి వదులుతూ, వంకర రాకుండా, ఆయన పేరు నేనే దిద్దాను.